ఇరువదితొమ్మిది దినముల నవల

నవల యెన్ని దినములలో వ్రాయవలెను? కావ్యమునకు వర్ణనము లెన్ని యుండవలెనో, నాటకమునకు అంకము లెన్ని యుండవలెనో చెప్పిన మన లాక్షణికులు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేదు. వారి కాలమున నవలయే లేదు గనుక వారిని తప్పుపట్టుటకు వీలులేదు. సంవత్సరములు పట్టవలెనని కొందఱందురు. పట్టినకొలది మంచిదని మఱికొందఱందురు. గడువు పెట్టుకొని నెల దినములలో నవల ముగించువారిని చూచి పెద్దలు పెదవి విఱుతురు. ఆ పెదవివిఱుపు న్యాయమా కాదా యని విచారించుటయే నేటి నా ప్రసంగ విషయము. ఇందుకు కావలసిన సాక్ష్యము గుంటూరు సీమలోను, దాని చుట్టుపట్లను విస్తారముగా కలదు.

ముందు దూరదేశపు ముచ్చట చెప్పి యావల మన యింటికి వచ్చెదను. కెనడాలోని వాంకూవరు నగరమున 1977 నుండి మూడు దినముల నవలా పందెమొకటి జరుగుచు వచ్చినది. మూడు పగళ్లు, మూడు రాత్రులు. అంతలో నవల కావలెను. అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున 1999లో క్రిస్ బేటీ అను యువకుడు ఇరువదిమంది స్నేహితులను కూర్చుకొని, ఒక నెలలో ఏబదివేల మాటల నవల వ్రాయుదమని నియమము పెట్టెను. మరుసటి సంవత్సరము దానిని నవంబరు నెలకు మార్చిరి. ఇరువదియొక్కరితో మొదలైన ఆ వేడుక కొలదికాలములోనే దేశదేశములకు ప్రాకి, లక్షలమందిని చేర్చుకొనెను. దానిని నడపిన సంస్థ 2025లో మూతపడినది గాని, నవంబరు వచ్చిన లెక్క ప్రారంభించు అలవాటు మాత్రము పలువురిని వదలలేదు. ఈ పందెమునకు న్యాయనిర్ణేతలు లేరు, బహుమానమును లేదు. దినమునకు 1,667 మాటల చొప్పున ముప్పది దినములు వ్రాసినవాడే గెలుపొందినవాడు.

ఇది క్రొత్త వింతయని మనవారనుకొందురు. పందెమునకు నవల వ్రాయుట తెనుగునాట క్రొత్త గాదు. తెలుగు నవల పుట్టిన కొలది సంవత్సరములకే పందెమును పుట్టినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రము వెలువడిన పదునైదేండ్లలోపలనే, రాజమహేంద్రవరమున చింతామణి పత్రికవారు నవలలకు బహుమానములు ప్రకటించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి రామచంద్రవిజయము 1894లో ఆ బహుమానము పొందినది. పంతులుగారికి చిన్ననాటినుండియు చూపు మందము. రాత్రివేళ కన్ను కనబడదు. తరువాతి కాలమున వారు నోట చెప్పుచుండగా ఇతరులు వ్రాసెడివారు. ఈ సంగతి శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. నోరొకరిది, చేయి యింకొకరిది అను ఏర్పాటే నేటి నా కథకు ఆయువుపట్టు.

ఇక 1934వ సంవత్సరమునకు వత్తము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు ఆ యేట నవలల పోటీ పెట్టిరి. విశ్వనాథ సత్యనారాయణగారు అప్పటికి నలువదియేండ్లకు దగ్గఱవారు. అంతకుముందు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఉపన్యాసకులుగా నుండిరి. బెజవాడ కళాశాలలో కుదురుట 1938 నాటి మాట. ఈ రెంటి నడుమ స్థిరమైన కొలువు లేని కాలముననే ఈ పోటీ ప్రకటన వచ్చినది. కొలువు లేనివానికి తీరిక యుండునని లోకులనుకొందురు. ఆ తీరిక యెట్టిదో అనుభవించినవారికి గాని తెలియదు. వేయిపడగలలోని ధర్మారావు కళాశాలలో పని పోగొట్టుకొని తిరుగు ఘట్టములు చదువునపుడు, వ్రాసినవారు ఆ దారిని నడచినవారేయని నాకు తోచుచుండును.

సత్యనారాయణగారు నోట చెప్పుచుండగా వారి తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసిరి. ఇరువదితొమ్మిది దినములలో నవల ముగిసినది. వేయి పుటలకు చేరువైన గ్రంథమది. బహుమానమును వేయిపడగలకును, అడివి బాపిరాజుగారి నారాయణరావునకును సమముగా పంచి యిచ్చిరి. ఎవరి నవల యెక్కువదియని ఈనాటికిని వాదములు వినబడుచుండును. ఆ వాదములోనికి నేను దిగను. నన్ను ఆకర్షించినది ఆ ఇరువదితొమ్మిది అను సంఖ్య.

ఈ సంఖ్యను చెప్పునపుడు మనవారు ఆశ్చర్యముతో ఆగిపోదురు గాని లెక్క వేయరు. వేయి పుటలను ఇరువదితొమ్మిది దినములకు పంచినచో దినమునకు ఇంచుమించు ముప్పదినాలుగు పుటలు వచ్చును. నేను చదువవీలగునట్లు వ్రాసినచో పుటకు పావుగంట పట్టును. అనగా ముప్పదినాలుగు పుటలకు ఎనిమిదిన్నర గంటలు. కలము పట్టి యలవాటున్న యువకుడు నాకంటె వేగముగా వ్రాసియుండును. కాని తెలుగు గుణింతములతోను, వత్తులతోను, నాటి కలముతో సిరాబుడ్డిలో ముంచి వ్రాయుపనిలో వేగమునకు మితమున్నది. ఏ రీతి చూచినను దినమునకు ఆరేడు గంటలకు తక్కువగాదు. ఇరువదితొమ్మిది దినములు, వరుసగా. ఆ నవల నడచిన వేగము అన్నగారి ఊహ వేగము గాదు, తమ్ముని మణికట్టు వేగము. ఊహకు కావలసినంత పరుగున్నది. దానిని పుట మీదికి దింపుటకు మాత్రము ఒక చేతికి సాధ్యమైనంత వేగమే సాధ్యము.

నోటి మాటకు తగిన చేయి దొరకనిచో ఏమగునో మన సీమలోనే జరిగియున్నది. నరసరావుపేటకు చేరువనున్న కొప్పరము గ్రామమున జన్మించిన సోదరకవులను ఎఱుగని తెలుగువాడుండడు. వేంకట సుబ్బరాయకవి, వేంకట రమణకవి, ఈ యిరువురును సభలో నిలిచి గంటకు వందలకొలది పద్యములు ఆశువుగా చెప్పిరని ప్రసిద్ధి. సభవారు కోరిన కథను కొన్ని గంటలలో ప్రబంధముగా వినిపించెడివారు. తిరుపతి వేంకటకవులతో వారికి గల స్పర్ధ 1911లో గుంటూరు పురమునే రెండు పక్షములుగా చీల్చినది. ఇంతకంటె వేగముగా సాహిత్యము పుట్టిన తావు మఱొకటి యున్నదా? కాని ఆ పద్యము లెక్కడ? వారి గ్రంథములు కొన్ని నిలిచినవి. సభలలో చెప్పిన ఆశుకవిత్వములో అధికభాగము పలనాటి గాలిలోను, ఒంగోలు గాలిలోను కలసిపోయినది. వినినవారి చెవులు నిండినవి, చేతులు అందుకొనలేదు. ఎనిమిది గంటలలో ముప్పదినాలుగు పుటలు వ్రాయగల చేయి గంటకు వందల పద్యముల వెంట పరుగెత్తజాలదు. ఈ నష్టమును తలచుకొన్నపుడెల్ల, మనము కవుల విగ్రహములు నిలుపుదుము గాని లేఖకుని యెన్నడును తలపమే యని నాకు విచారము కలుగుచుండును.

మన పూర్వులు తలచినారు. వ్యాసుడు భారతము చెప్పుటకు వినాయకుని లేఖకునిగా కోరిన కథ అందఱెఱిగినదే. నా గంటము ఆగరాదని వినాయకుడు నియమము పెట్టెను. అర్థము తెలియక వ్రాయరాదని వ్యాసుడు మఱునియమము పెట్టెను. వినాయకుడు ఆలోచించునంతలో తరువాతి శ్లోకములు కూర్చుకొనుటకై వ్యాసుడు నడుమనడుమ చిక్కు శ్లోకములు చొప్పించెనట. వేగముగా రచన సాగించు పనిలోని రహస్యమంతయు ఈ చిన్నకథలో నున్నది. చెప్పువానికి తీరిక దొరకవలెనన్న వ్రాయువాడు కొంచెము ఆగవలెను. తమ్ముడు ఒక వాక్యము ముగించి సిరాలో కలము ముంచునంతలో అన్నకు పై వాక్యము సిద్ధమగును. చేతి మందగమనము ఊహకు అడ్డము గాదు. ఆ విరామములోనే ఊహ పనిచేయును.

ఇట్టి జంట యింకొకటి రష్యా దేశమున కనబడును. దస్తయేవ్‌స్కీ 1865లో స్తెల్లోవ్‌స్కీ యను ప్రకాశకునితో ఒక ఘోరమైన ఒడంబడిక చేసికొనెను. 1866 నవంబరు 1వ తేదీకి క్రొత్త నవల చేతికి రానిచో, తొమ్మిది సంవత్సరములపాటు దస్తయేవ్‌స్కీ గ్రంథములను ప్రతిఫల మీయకుండ అచ్చువేసికొను హక్కు ప్రకాశకునిది. సెప్టెంబరు గడచినను ఒక్క పుటయైన కాలేదు. అక్టోబరు మొదట ఆన గ్రిగోర్యెవ్నా స్నిత్కినా యను ఇరువదియేండ్ల బాలికను, శీఘ్రలిపి నేర్చినదానిని, పనికి కుదుర్చుకొనిరి. ఆయన పగలు చెప్పుచు, ఆమె యింటికి పోయి రాత్రి దానిని సాఫుగా వ్రాసి తెచ్చుచు, ఇరువదియారు దినములలో జూదరి యను నవలను ముగించిరి. గడువునాటికి ప్రకాశకుడు కావలెనని ఊరు విడిచిపోయెను. వ్రాతప్రతిని పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు తీసికొనిరి. మఱుసటి ఫిబ్రవరిలో ఆమెను ఆయన వివాహమాడెను. సత్యనారాయణగారికి ఇరువదితొమ్మిది, దస్తయేవ్‌స్కీకి ఇరువదియారు. అయితే జూదరి చిన్న నవల, వేయిపడగలు మహాగ్రంథము. మన వెంకటేశ్వర్లుగారికి శీఘ్రలిపి సహాయమును లేదు. లెక్కకు నిలిచినచో మా కృష్ణాతీరపు తమ్మునిదే పైచేయి.

ఇంతవఱకు పరుల మాటలు చెప్పితిని. ఈ పనిలో నాకును కొంత పరిచయము కలదు. 2014 నవంబరులో, ఆ అమెరికావారి నియమమునే పెట్టుకొని, నేనొక నవల చెప్పి వ్రాయించితిని. వ్రాసినది మా అక్కగారి కుమార్తె. బి.ఎడ్. చదువు ముగించి నియామకమునకు ఎదురుచూచుచు ఇంట నుండెడిది. ఆంగ్లమువారి ఏబదివేల మాటలు మన భాషలో ఎంత బరువో మొదటి దినముననే తెలిసినది. ‘రాలేకపోయినందువలన’ అనునది మనకు ఒక్క మాట; ఆంగ్లమున ఐదారు మాటలైన కావలెను. విభక్తిని, క్రియను, కాలమును, కారణమును ఒక్క మూటలో గట్టుట మన భాష స్వభావము. కావున ఏబదివేల తెలుగు మాటలన్న వారి ఏబదివేలకంటె చాల పెద్ద గ్రంథము. తెలుగున పందెము పెట్టువారు మాటలు గాక పుటలు లెక్కించుట న్యాయము. మా అమ్మాయి వ్రాతలో పుటకు నూటముప్పది మాటలు పట్టెను. దినమునకు పదుమూడు పుటలు, మూడు గంటలపైని పని. వెంకటేశ్వర్లుగారి ముప్పదినాలుగు పుటల యెదుట ఇది యెంత? అయినను మొదటి వారము గడచునప్పటికి ఆమె వ్రేళ్లకు గుడ్డ చుట్టుకొనవలసివచ్చెను.

నవంబరు మా నల్లరేగడి పొలములలో ప్రత్తి తీయు నెల. మా వాకిటి ముందు నుండియే కూలివారు ఉదయమున పొలమునకు పోయెడివారు. తీతకూలి కిలోల లెక్క. మంచు పడిన ఉదయమున ఏరిన ప్రత్తికి తూకము పెరుగును, అది యెల్లరెఱిగినదే. కాని కొనుగోలు కేంద్రమున తేమ చూతురు. నూటికి 8 పాళ్లు మించినచో ధర తగ్గింతురు. 12 పాళ్లు మించినచో కొననే కొనరు. మాటల లెక్కతో నవల వ్రాయువానికిని ఈ తేమ భయమున్నది. సంజ ప్రొద్దున లెక్క తక్కువపడినపుడు వర్ణనలు ఉబ్బును, చెప్పిన మాటయే వేషము మార్చుకొని మరల వచ్చును. ఒంటరిగా వ్రాయువానికి తేమ చూచు యంత్రము లేదు. మా యింట నుండెను. అమ్మాయి కలము దింపి, “మామయ్యా, ఇది మొన్న చెప్పినదే గదా?” యనెడిది. “వ్రాయుము, అమ్మాయీ” అంటిని ఒకనాడు. “అర్థము కానిది వ్రాయనని వినాయకుడన్నాడు గదా, నేనును అంతే” యని ఆమె పుస్తకము మూసి, ఎసరు పెట్టుటకు లోపలికి పోయినది. ముప్పదియవ నాటి రాత్రికి లెక్క పూర్తియైనది. ఆ నవల మంచిచెడ్డలు చెప్పుటకు నేను తగను. అందు తేమ తక్కువగా నుండినచో ఆ పుణ్యము ఆమెది.

గడువు లేని రచన యెట్లుండునో చూచుటకు మన జిల్లాలోనే గొప్ప ఉదాహరణమున్నది. వేములూరుపాడులో 1877లో జన్మించి గుంటూరున నివసించిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు సహాయనిరాకరణ దినములలో చెఱసాలకు పోయి, అక్కడ మాలపల్లి వ్రాసిరి. చెఱలో పందెము లేదు, బహుమానము లేదు, చెప్పగా వ్రాయు తమ్ముడును లేడు. 1922లో అది ప్రకటింపబడగా, మరుసటి యేటనే చెన్నపురి ప్రభుత్వమువారు నిషేధించిరి. మన పల్లెల పలుకుబడి, పాలేరుల కూలి, ధాన్యపు కొలతలు, మాలపల్లెలోని రామదాసు కుటుంబపు కష్టములు, ఇవన్నియు అంత నిదానముగా, అంత దగ్గఱగా చూచిన నవల అంతకుముందు మనకు లేదు. వర్ణవ్యవస్థను నిలువబెట్టవలెనను వేయిపడగల దృష్టి నాకు సమ్మతము గాదు. ఆ విషయమున నా మనస్సు మాలపల్లి వైపునకే పోవును. అయినను మాలపల్లి నిదానముగా వ్రాసినందున గొప్పదని గాని, వేయిపడగలు వేగముగా చెప్పినందున తక్కువదని గాని నేననజాలను. పంతులుగారు ఏండ్లతరబడి పల్లెలలో చూచినది చెఱలో కాగితము మీద పెట్టిరి. సత్యనారాయణగారు చిన్ననాటనుండి తమ యూర జీర్ణించుచుండిన గుడిని, కోటను, కుటుంబములను చూచుచు మనస్సులో దాచుకొన్నది ఇరువదితొమ్మిది దినములలో పలికిరి. పలుకుటకు పట్టిన కాలమే ఇరువదితొమ్మిది దినములు. దానిని కూడబెట్టుటకు నలువదియేండ్లు పట్టినది.

వేగపు గుర్తులు వేయిపడగలలో లేకపోలేదు. కథను నిలిపివేసి సంగీతమును గూర్చియు, విద్యను గూర్చియు, సేద్యమును గూర్చియు పాత్రలు పుటలకొలది మాటలాడుదురు. ఆ ఘట్టములు తీసివేసిన బాగుండునని నాతో చాలమంది యన్నారు. నాకు మాత్రము అవి ఒక మనిషి గదిలో పచార్లు చేయుచు మాటలాడుచున్నట్లు వినబడును. వ్రాసి దిద్దిన గ్రంథమున ఆ గొంతు వినబడదు. పి.వి. నరసింహారావుగారు దీనిని సహస్రఫణ్ అను పేర హిందీలోనికి తెచ్చిరి. తరువాత సత్యనారాయణగారు తమ నవలలు పెక్కింటిని ఇట్లే చెప్పి వ్రాయించిరి. నోటికి అలవాటైన పనిని చేతికి మార్చుకొనవలసిన యవసరము వారికి కలుగలేదు.

నరసరావుపేటనో, చిలకలూరిపేటనో, అద్దంకినో ఈ ప్రసంగము వినుచున్న యువకులలో ఎవరైన ఇట్టి పందెమునకు దిగదలచినచో వారికొక్క మాట. అమెరికావారి నవంబరు మనకు కుదరదు. ప్రత్తి తీతయు, మిరపతోటల కలుపును, ఒంగోలు వైపు శనగ విత్తుటయు ఒక్కసారిగా మీద పడు నెల యది. మీకు తీరిక యున్నను, మీ లేఖకునికి ఉండదు. మే నెలలో గుంటూరు మిరపయార్డుకు వేసవి సెలవు లిత్తురు. పొలమున పైరుండదు. ఎండ గట్టిగా నుండును గనుక వేకువ నాలుగు గంటలకు లేచి, ఎనిమిదింటిలోపల ఆనాటి పుటలు ముగింపవచ్చును. వ్రాయువారికి కూర్చుండుటకు మంచి బల్లయు, త్రాగుటకు మజ్జిగయు ముందుగా ఏర్పాటు చేయుడు. గ్రంథము అచ్చైననాడు ముఖపత్రముపై వారి పేరును మీ పేరు క్రిందనే వేయించుడు.